గజ్జెల వెనక బాధ్యత

అరంగేట్రం నాడు చప్పట్లన్నీ వేదిక మీది పిల్లలకే. ఆ వేదికను నిలబెట్టే ధర్మకర్తలు ఎవరి కంటా పడరు. అయితే సంస్థ బతికేదీ చెడేదీ వాళ్ల చేతుల్లోనే.

మన నెల్లూరు తీరానికి దక్షిణాన, చెన్నైలో నాట్యకారిణి రుక్మిణీదేవి 1936లో నెలకొల్పిన నాట్య విద్యాసంస్థ కళాక్షేత్రం 1993 నాటి పార్లమెంటు చట్టంతో పాలకమండలి చేతికి వచ్చింది. వ్యవస్థాపకులు వెళ్లిపోయినా సంస్థ మిగిలింది. అదే ప్రాంగణంలో 2023లో వేధింపులపై విద్యార్థినులు ధర్నాకు కూర్చోవాల్సి వచ్చింది. మండలికి పేరుంటే చాలదు, పిల్లల గోడు వినే చెవులుండాలి.

నెల్లూరు, కావలి, గూడూరుల్లో నాట్యం నేర్పే ట్రస్టులకూ ఇదే పాఠం. దాతలతో, గురువుగారి బంధువులతోనే మండలి నిండిపోకూడదు. లెక్కలు తెలిసినవారు, చట్టం తెలిసినవారు, ఒక పూర్వ విద్యార్థిని, ఒక తల్లి అందులో ఉండాలి. పన్ను మినహాయింపు పొందే ట్రస్టు సాధారణంగా ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయానికే వెచ్చించాలి. ఆ లెక్క నోటీసు బోర్డు మీద అందరికీ కనబడాలి.

ఫీజు కట్టలేని మైపాడు మత్స్యకారుల బిడ్డ కాలికి గజ్జె కట్టిన నాడే ధర్మకర్త అన్న మాటకు నిండుదనం.