ఆయమ్మ జీతం దండగ ఖర్చా?

మా అత్తయ్య సంవత్సరీకం నాడు బంధువులందరినీ పిలిచి భోజనాలు పెట్టడం మానేసి నాలుగేళ్ళయింది. ఆ డబ్బుతో మా ఊళ్ళో మానసిక వికలాంగ పిల్లల బడిలో మధ్యాహ్నం భోజనం పెట్టిస్తున్నాం. మా పిన్ని కూతురి కొడుకు ఆ బడికే వెళ్తాడు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. రెండో ఏడు మా వారు ఇంకో అడుగు ముందుకేసి ఒక చక్రాల కుర్చీ కూడా కొన్నారు. దాని వీపు మీద అత్తయ్య పేరు, కింద 'జ్ఞాపకార్థం' అని ఎర్రరంగుతో రాయించాం. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి ఫొటో కూడా తీయించుకున్నాం.

మరుసటి ఏడు వెళ్ళేసరికి ఆ కుర్చీ సామాన్ల గదిలో ఉంది. మీది ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. పక్కనే ఇంకో పదకొండు కుర్చీలు. ఒక్కోదాని మీద ఒక్కో కీర్తిశేషుల పేరు!

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బి.కాం. చదివినదాన్ని. ఆ చదువు పాలవాడి లెక్క చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాలేదని అనుకుంటూ ఉంటాను. ఆ రోజు పనికొచ్చింది. "మీ జమాఖర్చుల కాగితం ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను. బడి నడిపే మేడమ్ ఏమీ అనుకోకుండా ఆడిటరు సంతకం పెట్టిన కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. చూద్దును కదా, వచ్చిన డబ్బులో సగానికి పైగా జీతాలకే పోయింది. పిల్లల కోసమని మనం ఇస్తే జీతాలకా?

ఇంటికి రాగానే మా చెల్లెలికి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అంతా విని, "అక్కా, నువ్వు పంచిన లడ్డు మావాడి నోట్లో ఎవరు పెట్టారనుకున్నావు?" అంది.

నేను మాట్లాడలేదు.

"ఆయమ్మ. వాడికి గట్టిది పెడితే పొలమారుతుంది. లడ్డు చిదిపి, పాలల్లో మెత్తగా కలిపి, తల నిలబెట్టి పట్టుకుని కొంచెం కొంచెంగా పెట్టాలి. అరగంట పడుతుంది. అలాంటి పిల్లలు ఆవిడ చేతికింద ఎనిమిది మంది. కిందటేడు ఫిజియోథెరపీ అమ్మాయికి మూడు నెలలు జీతం ఆగిపోతే, పాపం, వేరే ఉద్యోగం చూసుకుంది. ఇంకొకరు వచ్చేలోగా ఆరు నెలలైంది. అంతకుముందు వీడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు. ఆ ఆరు నెలల్లో కాళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయి. ఆ కాగితంలో జీతాలు ఎక్కువున్నాయని నీకు కోపం. తక్కువున్నాయని నాకు ఏడుపు."

మరి కుర్చీల సంగతేమిటని అడిగాను. అవన్నీ పెద్దవాళ్ళ కొలతవట. అందులో కూర్చోబెడితే పిల్లల కాళ్ళు కింది పలక మీద ఆనవు, ఒళ్ళు ఒక పక్కకి జారిపోతుంది. కొలత కుదరని కుర్చీలో గంటలకొద్దీ కూర్చుంటే ఒరుసుకుపోయి పుళ్ళు పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఈ కుర్చీల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. కుర్చీ ఇవ్వడమొక్కటే చాలదు, మనిషి కొలతలు తీసుకోవాలి, సరిపోయేలా అమర్చాలి, వాడటం నేర్పాలి, తర్వాత కూడా చూస్తూ ఉండాలి అని. ఈ పనులన్నీ మనుషులు చేయాల్సినవి. మనం దుకాణానికెళ్ళి కుర్చీ కొన్నాం. కొలత తీసేవాళ్ళ గురించి ఆలోచించలేదు.

సుధాచంద్రన్ 'మయూరి' సినిమా మన తరం ఆడవాళ్ళు మరిచిపోలేరు. 1981లో ప్రమాదం జరిగి కాలు తీసేస్తే, జైపూర్ కాలు పెట్టించుకుని ఆవిడ మళ్ళీ నాట్యం చేసింది. ఆ కృత్రిమ పాదాన్ని 1968లో డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ కలిసి రూపొందించారు. శర్మగారు డాక్టరు కారు, చేతిపని తెలిసిన శిల్పి. 1975లో డి.ఆర్. మెహతాగారు జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టి అలాంటి కాళ్ళను ఉచితంగా అమర్చే ఏర్పాటు చేశారు. తీసుకునేవాళ్ళకు ఉచితమే. కానీ మిగిలిన కాలికి అచ్చు తీసి, బిగించి, నడిపించి చూసి, ఒరుసుకున్నచోట సరిచేసే పనివాడికి నెల తిరిగేసరికి జీతం కావాలి కదా! పిల్లలకైతే ఒళ్ళు ఎదిగేకొద్దీ ఆ కాలు మార్చాల్సిందే.

1995లో వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసింది. చెవిటి పాపకు సైగల భాష తెలిసిన టీచరు కావాలి. చూపులేని బాబుకు కర్ర పట్టుకుని వీధి దాటడం నేర్పేవాళ్ళు కావాలి. మాట రానివాళ్ళకు స్పీచ్ థెరపిస్టు కావాలి. వీళ్ళ పనిని లడ్డూలతో, కుర్చీలతో కొనగలమా?

జీతమంటే మనకెందుకింత అనుమానం? నాకు తోచింది చెప్తాను, కోప్పడకండి. ఇంట్లో మనం చేసే చాకిరీకి జీతం లేదు. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, రాత్రిళ్ళు మేలుకోవడం ఇవన్నీ ఆడవాళ్ళు ప్రేమతో ఊరికే చేసేవని మనకీ నూరిపోశారు. అందుకే ఆ పనికి ఇంకో ఆడమనిషి డబ్బు తీసుకుంటే, 'సేవ అంటూ జీతమేమిటి?' అనిపిస్తుంది. మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచాన ఉన్నారు. పగటిపూట ఒకావిడను పెట్టుకున్నాం. నెలనెలా ఆవిడకిచ్చింది దండగ అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఆవిడ ఒక్కరోజు రాకపోతే ఇల్లంతా తలకిందులయ్యేది. మన ఇంట్లో అవసరమైన మనిషి వాళ్ళ బడిలో దండగ ఎలా అవుతుంది?

అలాగని కళ్ళు మూసుకుని ఇవ్వమని నేననను. వికలాంగుల పేరు చెప్పి స్టేజీలకీ, ఫ్లెక్సీలకీ, శాలువాలకీ తగలేసేవాళ్ళున్నారు. నాలుగు మూడుచక్రాల బళ్ళు పంచడానికి ముఖ్య అతిథి వచ్చేదాకా ఆ మనుషుల్ని ఎండలో కూర్చోబెట్టేవాళ్ళనీ చూశాను. లెక్క అడగాల్సిందే. కానీ సరిగ్గా అడగాలి. విదేశీ విరాళాల చట్టాన్నే చూడండి. అందులో పరిపాలన ఖర్చు యాభై శాతం మించకూడదని ఉండేది, 2020లో దాన్ని ఇరవై శాతానికి తగ్గించారు. అయినా ఆసుపత్రిలో డాక్టరు జీతాన్నీ, బడిలో టీచరు జీతాన్నీ ఆ చట్టం నిబంధనలు పరిపాలన ఖర్చు కింద లెక్కించవు. ఎందుకంటే అక్కడ ఆ జీతమే సేవ. ఆఫీసు ఖర్చు వేరు, ఆయమ్మ జీతం వేరు.

కాబట్టి ఈసారి ఏ సంస్థకైనా వెళ్ళినప్పుడు ఇవి అడగండి. ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? జీతాలు ఎవరెవరికి, పిల్లల దగ్గరుండేవాళ్ళకా, ఆఫీసులో కూర్చునేవాళ్ళకా? ప్రత్యేక టీచర్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా? ఒక్కో ఆయమ్మకు ఎంతమంది పిల్లలు? ఏటా ఎంతమంది పనివాళ్ళు మానేస్తున్నారు? డబ్బు చెక్కు రూపంలో ఇచ్చి రసీదు తీసుకోండి. వస్తువు ఇవ్వాలని ఉంటే, కొనేముందు ఏది కావాలో వాళ్ళనే అడగండి. మేం అడగలేదు. అడిగుంటే ఆ ఎర్రరంగు అక్షరాలు సామాన్ల గదిలో ఉండేవి కావు.

ఈ ఏడు భోజనం బదులు చెక్కు రాసిచ్చాం. 'ఆయాల జీతాల కోసం' అని ఉత్తరం జతచేశాను. మా వారికి మొదట మనసొప్పలేదు. "మరి అమ్మ పేరు ఎక్కడ రాస్తారు?" అన్నారు. "రసీదు మీద రాస్తారు లెండి" అన్నాను. కాసేపాగి ఆయనే, "చివర్లో అమ్మ నన్ను కూడా గుర్తుపట్టలేదు. ఆవిణ్ణి మాత్రం పేరుపెట్టి పిలిచేది" అన్నారు.

ఇంకేమీ మాట్లాడకుండా చెక్కు మీద సంతకం పెట్టారు.