మిగిలిన బిడ్డ కోసం అడగవలసిన ప్రశ్న

కవలలలో ఒక శిశువు గర్భంలోనే మరణిస్తే మన ఇళ్లలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. తల్లిని నిందించడం ఒకటి. చనిపోయిన పిండం విషమవుతుందన్న భయంతో వెంటనే కాన్పు చేయమని పట్టుబట్టడం మరొకటి. తల్లికి అట్టి ముప్పు అరుదు. వైద్యులు రక్తపరీక్షలతో దానిని గమనిస్తారు.

తొలి మూడు నెలలలో ఇట్లు జరిగితే రెండవ బిడ్డ సాధారణంగా క్షేమంగానే పెరుగుతుంది. ఆ తరువాత జరిగితే మాయను బట్టి ప్రమాదం మారుతుంది. చెరొక మాయ ఉంటే ప్రమాదం తక్కువ. ఇద్దరికీ ఒకే మాయ అయితే, బ్రతికిన బిడ్డ రక్తం మరణించిన బిడ్డ వైపు ఒక్కసారిగా ప్రవహించి మెదడు దెబ్బతినవచ్చు. ఆ హాని అప్పటికే జరిగి ఉంటుంది కనుక తొందరపాటు కాన్పు దానిని సరిదిద్దలేదు. పైగా నెలలు నిండని పుట్టుక మరొక గండం. తరచుగా స్కానింగు, కొన్ని వారాల తరువాత బిడ్డ మెదడుకు ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరమవుతాయి.

మాయ ఒకటా, రెండా అన్నది 11-14 వారాల స్కానింగులో బాగా తెలుస్తుంది. 1994 నాటి చట్టం నిషేధించినది ఆడా, మగా అన్న ప్రశ్ననే. ఈ ప్రశ్నను కాదు. కర్ణాటకలో చూపించుకొని కాన్పుకు ఆంధ్రలోని పుట్టింటికి వెళ్లే మన ఆడపడుచులు తాయి కార్డుతో పాటు ఆ తొలి రిపోర్టును కూడా వెంట తీసుకొని వెళ్లాలి. ఎల్లకు అవతలి వైద్యునికి అదే ఆధారం.