తరుగుదల ఎవరికి? (ఇంటిపన్ను ముచ్చట – 4)



మాది కమ్మర్‌పల్లి, ఇంకా పంచాయతీయే. పక్కన భీంగల్ 2018లో మున్సిపాలిటీ అయింది. రేపు మన వంతు వస్తే ఎట్లుంటదో ఇప్పుడే చదువుకోవాలె.

1965 మున్సిపాలిటీల చట్టం పెట్టిన లెక్క ఇది. ఇంటికి ఏటా వచ్చే కిరాయి విలువ కట్టి, వయసును బట్టి కొంత తీసేస్తరు: 25 ఏండ్ల దాకా 10 శాతం, 40 దాకా 20, ఆపైన 30. ఓనరే ఉంటే మొత్తం 40 శాతం, వయసు తగ్గింపు అందులోనే కలిసిపాయె.

10,000 విలువ కట్టిన రెండు ఇండ్లు చూడుండ్రి. ఒకటి నిరుడు కట్టింది, ఒకటి 45 ఏండ్లది. ఓనర్లే ఉంటే రెండిటికీ 6,000 మీదనే పన్ను. కిరాయికిస్తే కొత్తదానికి 9,000, పాతదానికి 7,000. అంటే ఇల్లు ముసలిదైందని చట్టం ఒప్పుకునేది కిరాయి తీసుకునేటోనికే. మాదిగవాడల కిరాయికి దిగే దొర ఎవడు? మా ఇండ్లల్ల మేమే ఉంటం.

40 ఎక్కువే కదా అంటరు. కొత్త బంగ్లాకూ అంతే ఎక్కువ!

మాది ఇందిరమ్మ ఇల్లు. పైసలు సాలక సిమెంటు తగ్గించి స్లాబ్ పోసినం. వానొస్తే బొచ్చెలు పెడ్తం, సలాకలు తుప్పుపట్టి బయటికి తేలినయ్. ఆ చట్టం కండ్లకు అది 25 దాటని పడుచు ఇల్లు.

75 గజాల లోపు ఇంటికి 2019 చట్టం 100 రూపాయలే అంది కదన్నా అని ఒక తమ్ముడు అడిగిండు. మంచిదే. అన్నదమ్ములు కలిసుండే 90 గజాల ఇంటికి?

ఏండ్లు కాదు, స్లాబ్ చూసి తరుగుదల రాయాలె. కొలతలకు వచ్చినోళ్లను గడపల్నే నిలబెట్టకుండ్రి. లోపలికి పిలిచి బొచ్చెలు చూపియ్యుండ్రి.