కూర మడి సరే, పట్టా ఎవరి పేరున?

పట్నంలో మేడల మీద కూరగాయలు పెంచుతున్నారు. మందులెయ్యని ఆకుకూర, దగ్గర్లో పండింది దగ్గరోళ్లే తినటం... ఇదొక ఉద్యమం అంటున్నారు. మంచిదే, మేం కాదనం. కానీ మేడ ఉన్నోడికే మడి ఉంటుంది. మురిక్కాలవ గట్టున రేకుల కింద బతికే మనోళ్లు వంగమొక్క ఎక్కడ నాటాలి? ఈ మాట అడిగితే "తిండిలోకి కూడా కులాన్ని తెస్తారా" అని విసుక్కుంటారు. తెచ్చింది మనమా?

చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టులో మనోళ్లని నరకటానికి ముందు ఏం చేశారు? సాంఘిక బహిష్కరణ పెట్టారు. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర గొడవొస్తే మళ్లీ అదే. కూలిపనులు ఆపారు, కౌలు భూములు లాక్కున్నారు. ప్రతిసారీ కత్తి తియ్యక్కర్లేదు. గాదె తాళం వాడి మొలలో ఉంటే చాలు.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్లు ఇదే చూశారు. వాళ్ల పోరాటం మనకి పరాయిది కాదు. 1946లో బాబాసాహెబ్ అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ని చూసే. ఆ పాంథర్లు తుపాకీ పట్టారని అందరికీ తెలుసు. 1969 నుంచి బడిపిల్లలకి పొద్దున్నే ఉచితంగా టిఫిను పెట్టారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మిసిసిపీ రాష్ట్రంలో ఫానీ లూ హేమర్ అనే తల్లి ఉండేది. దొర పత్తి చేలో 18 ఏళ్లు పాలికి చేసింది. 1962లో ఓటరుగా పేరు రాయించుకోటానికి పోయింది. అదే రోజు దొర ఆమెని చేలోంచి వెళ్లగొట్టాడు. ఆ చలికాలమే పక్కనున్న లెఫ్లోర్ కౌంటీలో, ఓటు అడుగుతున్నారన్న కక్షతో, ఇరవై వేలమందికి పైగా పేదలకొచ్చే సర్కారు తిండి సరుకులు ఆపేశారు. ఓటు కావాలా, పిండి కావాలా అని అడిగినట్టే గదా.

హేమరమ్మ దీనికి జవాబు కనిపెట్టింది. 1969లో 40 ఎకరాలు కొని ఫ్రీడమ్ ఫార్మ్ పెట్టింది. పందుల బ్యాంకు పెట్టింది. ఒక ఇంటికి ఆడపందిని ఇస్తారు, అది ఈనినాక పిల్లల్లో కొన్ని బ్యాంకుకి తిరిగివ్వాలి, అవి ఇంకో ఇంటికి పోతాయి. (మన దగ్గర పందుల్ని పెంచేవాళ్లని చూసి ముక్కు మూసుకునే పెద్దమనుషులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.) కూరలూ చిక్కుళ్లూ పండించి పంచారు. భూమి ఆరొందల ఎకరాలు దాటింది. కానీ అప్పులు, పన్నులు, వానలు కలిసి మింగేశాయి. 1970ల మధ్యకొచ్చేసరికి భూమి చెయ్యి జారింది. 1977లో ఆమె పోయింది.

ఇప్పటి డెట్రాయిట్ చూడండి. కార్ల ఫ్యాక్టరీల ఊరు. 1950లో 18 లక్షల పైచిలుకు జనం, 2020కి ఆరున్నర లక్షలు కూడా లేరు. ఫ్యాక్టరీలు పోయాయి, తెల్లోళ్లు శివార్లకి పోయారు, వాళ్ల వెనకే పెద్ద దుకాణాలూ పోయాయి. మిగిలిన నల్లోళ్లు ఖాళీ జాగాల్లో కూరలేశారు. 2006లో సంఘం పెట్టుకుని, నగరం పార్కులో ఏడెకరాలు సాగు చేస్తున్నారు. 2024లో సభ్యులే యజమానులుగా సొంత కిరాణా దుకాణం తెరిచారు. అయితే 2012లో నగర కౌన్సిల్ సుమారు 1,500 ప్లాట్లు ఒకే ఒక్క ధనవంతుడి కంపెనీకి చవగ్గా అమ్మింది. ఏళ్ల తరబడి పక్క జాగాలో కూరలేస్తున్నోళ్లు తమకెందుకు అమ్మరని అడిగారు. వినలేదు. అందుకే 2020లో నల్ల రైతుల కోసం భూమి నిధి పెట్టి, చందాలతో సాగుచేసేవాళ్ల పేరునే జాగాలు కొనిపించటం మొదలెట్టారు. ముందు కాగితం, తర్వాతే టమాటా.

మన దగ్గర జహీరాబాద్ ఆడోళ్లు ఈ పని ఎప్పుడో చేశారు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. వాళ్లకి సర్కారిచ్చిన భూమి రాళ్లు తేలిన పడావు. 1990ల మధ్యలో అప్పు తీసుకుని దాన్ని దున్నారు. అప్పు డబ్బుల్లో కాదు, జొన్నల్లో తీర్చారు. ఆ జొన్నలు ఊరి పాతరలో పోసి, ఎవరింట్లో ఎంత ఆకలుందో ఊరోళ్లే తేల్చి, చవగ్గా పంచారు. కంట్రోలు బియ్యం లారీ కోసం ఎదురుచూడకుండా ఊరి గింజ ఊరికే దక్కింది. ఆ జొన్నలూ కొర్రలే ఇవాళ పట్నం షాపుల్లో అద్దాల వెనక కూర్చున్నాయి. నిన్నటిదాకా మన కంచంలో ఉన్నందుకు నవ్వారు.

ఈ ఆడోళ్ల కాళ్ల కింద ఎంత చెడ్డదైనా తమ నేలంటూ ఉంది. అసైన్డ్ భూమిని ఎవరు కొన్నా చెల్లదు, తిరిగి ఇప్పించాలని 1977 చట్టం చెప్పింది. అయినా ఎన్ని ఊళ్లలో మన పట్టా మీద వాళ్ల ట్రాక్టరు తిరగటం లేదు? 2023లో ఆంధ్రలో చట్టం మార్చి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. అప్పులో ఉన్నోడికి అమ్ముకునే హక్కు ఎవరి లాభమో వేరే చెప్పాలా?

కార్యకర్తలు ఈ పక్షం ఒక పని పెట్టుకోవాలి. మీ ఊళ్లో అసైన్డ్ సర్వే నంబర్లు, పట్టాదారు పేరు, ఇప్పుడు దున్నుతున్నోడి పేరు రాసుకోండి. తహసీల్దారు ఇవ్వనంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, దారిద్ర్యరేఖ దిగువనున్నోళ్లకి రుసుం లేదు. పట్నం బస్తీల వాళ్లు ఖాళీగా పడున్న సర్కారు జాగాలు రాయండి. జాబితాలు మాకు పంపితే ఊళ్ల పేర్లతో సహా అచ్చేస్తాం.