ఒక్కడే మోసిన వీడ్కోలు

ఇంట్రో పది సెకన్లు దాటితే స్కిప్ కొట్టే బ్యాచ్‌కి ఈ వారం ఓ పరీక్ష... 'ఏటెర్నుమ్ వాలే'. లాటిన్‌లో శాశ్వత వీడ్కోలు అని.

స్వీడన్ బ్యాండ్ డ్రాకోనియన్ గిటారిస్ట్ యోహాన్ ఎరిక్సన్ 'డూమ్ వీఎస్' పేరుతో 2006లో ఒంటరిగా చేసిన తొలి ఆల్బమ్ ఇది. వాయించిందీ, పాడిందీ అంతా ఆయనే. ఆరే పాటలు.

ఫ్యూనరల్ డూమ్ అంటే మెటల్‌ని శవయాత్ర నడకకి తగ్గించడం. స్లో కదా, ఈజీ అనుకోకండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య అంత ఖాళీ ఉంటే తప్పు దాక్కోవడానికి చోటుండదు!

డ్రాకోనియన్‌లో ఆడగొంతు, మగగొంతు బాధను పంచుకుంటాయి. ఇక్కడ పంచుకునేవాళ్లు లేరు. ఆ గర్జనలో మాటలు అర్థం కావు, వదిలేయండి. లీడ్ గిటార్‌ని పట్టుకోండి, ఏడుపంతా అక్కడే ఉంది. గొంతు భయపెడుతుంటే గిటార్ ఓదారుస్తుంటుంది. రెండూ ఒకే మనిషివని గుర్తొస్తే ఒళ్లు ఝల్లుమంటుంది.

కొన్నిచోట్ల సాగదీత ఉంది. బ్యాండ్ అయితే 'ఇక చాలు బ్రో' అనేవాడు ఒకడుండేవాడు. అయినా వినాల్సిందే. టైటిల్ సాంగ్‌తో మొదలెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్ తీసేసి. పక్కన రీల్స్ చూస్తూ వింటామంటే మాత్రం కుదరదు.