51 శాతం

నా డిగ్రీ మార్కులు 51 శాతం. దాచుకోను.

మాది కొత్తచెరువు మాదిగవాడ. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది, కరువు మారలేదు. శెనక్కాయ ఎండిన ఏడు వాడకు వాడే బెంగుళూరుకు కూలికి పోయేది. డిగ్రీ రెండో ఏడు నేనూ పోతిని. పగలు సిమెంటు మూటలు మోసి, రాత్రి 18 మంది కూలీల లెక్క రాసేవాణ్ణి. అడ్వాన్సు ఎంత, తిండికి ఎంత, ఊరికి పంపింది ఎంత. మేస్త్రీ రెండు వారాల కూలి ఎగ్గొట్టబోతే ఆ నోటుబుక్కు ముందర పెట్టి వసూలు చేసినాం. ఆ ఏడు నాకు రెండు పేపర్లు పోయినాయి.

తర్వాత ఎంబీఏకు దరఖాస్తు పెట్టినాను. ఇంటర్వ్యూలో ఒక సారు అడిగినాడు: "డిగ్రీలో ఇంత తక్కువేమయ్యా?"

"జ్వరమొచ్చింది సార్" అన్నాను. కూలికి పోయినానని చెప్పేకి సిగ్గయింది. సీటు రాలేదు.

మా అమ్మ విని, "లేని రోగం చెప్తివే నాయనా, చేసిన పని చెప్పేకి ఏమొచ్చె?" అనె.

ఏ కోచింగు సెంటరూ నాకు ఆ మాట చెప్పలేదు.

క్యాట్ రాయడానికి ఎస్సీ, ఎస్టీలకు డిగ్రీలో 45 శాతం చాలు. గేటు తెరిచే ఉంది. లోపల మాత్రం చాలా ఐఐఎంలు పదో తరగతి నుంచీ మార్కులు తూకమేస్తాయి. పదో తరగతిలో ఎవరింట్లో కరెంటు ఉండె, ఎవరింట్లో ట్యూషను ఉండె? దాన్ని తూచి మెరిట్ అని పేరు పెట్టినారు. అంబేడ్కర్‌కు 1907లో మెట్రిక్యులేషన్‌లో వచ్చింది 750కి 282. అంటే 38 శాతం కూడా కాదు. 1913లో కొలంబియా చేరినాడు, 1923లో లండన్‌లో అర్థశాస్త్రంలో డి.ఎస్సీ. తీసుకున్నాడు. ఆ 282 చూసి ఆపి ఉంటే?

మరుసటేడు దరఖాస్తులో మార్కుల కారణం రెండు వాక్యాల్లో రాసినాను, ఏడుపు లేకుండా. మిగతా జాగా అంతా నోటుబుక్కు కథ. ప్రవేశపరీక్షకు ఆరునెలలు చదివినాను. ఇంకో కాలేజీలో సీటొచ్చింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వచ్చిన డిగ్రీ మార్కులు ఇక మారవు. ప్రవేశపరీక్ష మార్కు మార్చుకోవచ్చు, దానికి చావుకష్టం పడండి. సిఫారసు ఉత్తరం మీ పేరు తెలీని ప్రొఫెసర్‌ను కాదు, మీ పని చూసినోళ్లను అడగండి. మీ అమ్మానాయనల పనిని కాగితం మీద దాచొద్దు. కూలి ఎగ్గొట్టే మేస్త్రీని నిలదీసినోళ్లం, ఇంటర్వ్యూ బల్ల ముందర తల వంచేదేల?