భయమే రక్షయా?

రాత్రి పదిగంటలు దాటినది. వీధితలుపు గడియ వేసియున్నది, పడకలు పరచియున్నవి. ఐనను ఇంటివారికి నిద్ర లేదు. అమ్మాయి బెంగుళూరులో పని ముగించుకొని హాస్టలు చేరినదో లేదో, అబ్బాయి పూణేలో కర్మాగారమునుండి గదికి మరలెనో లేదో, టెలిఫోనులో ఒక్కమాట వచ్చువరకు ఆ దంపతులకు కునుకు పట్టదు. బరంపురములోని మా ఇంట ఇట్లే జరుగుచున్నది. షోలాపురములోను, హోసూరులోను, బళ్ళారిలోను, యానాములోను ఉన్న మన ఇండ్లలో ఇంతకు భిన్నముగా జరుగుచున్నదని మేము తలంపము. ఇరువదియేండ్లు దాటిన బిడ్డల క్షేమమునకై తల్లిదండ్రులు పడు ఈ వేదనను గూర్చి నాలుగు మాటలు నిర్మొగమాటముగా చెప్పదలచితిమి. ఇందు నింద యేదైన ఉన్నచో అది మొదట మాకే తగులును.

భయపడుట తప్పని మేము అనము. కన్నకడుపునకు అది సహజము. కాని భయము వేరు, రక్ష వేరు. తాము భయపడినంతమాత్రమున బిడ్డను కాపాడినట్లే యని తలచుట మన ఇండ్లలో వేరూనిన పొరపాటు. ఇంకను చెప్పవలెనన్న, మన భయము పలుమారులు బిడ్డకు రక్ష కాకపోవుటయే గాక, ఆ బిడ్డకు ఉన్న రక్షను కూడ ఊడ్చివేయుచున్నది. ఇదియే మా వాదము.

ముందుగా మనమెవరి సంతతివారమో ఒక్కసారి తలచుకొందము. మనలో కొందరు కాలు కదపకయే పొరుగు రాష్ట్రమువారైరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా బరంపురపు తెలుగువారు ఉన్న వాకిటనే ఉండి మద్రాసు రాజధానికి దూరమైరి. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. తక్కినవారిలో పెక్కుమంది ఇల్లు విడిచి వచ్చినవారి బిడ్డలే. విజయనగర రాజుల కాలమున తమిళదేశమునకు తరలిన కుటుంబములు, తెలంగాణమునుండి నేతపనిని నమ్ముకొని షోలాపురము చేరిన పద్మశాలీలు, నైజాము సీమనుండి ముంబయికి కూలికి పోయి కామాఠిపురమునకు తమ పేరే నిలిపిన కామాఠీలు, వీరందరును ఒకనాడు ఏదో ఒక తల్లి కన్నీటితో సాగనంపిన బిడ్డలే. ఆ తల్లి "వద్దు" అని గుమ్మమునకు అడ్డముగా నిలిచియుండినచో నేడు ఈ సంఘము లేదు, ఈ సంచిక లేదు, మనమును లేము.

మా గంజాము సీమలో "రంగము పోవుట" యను మాట పెద్దల నోట నేటికిని వినవచ్చును. రంగమనగా రంగూను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది కూలీలు గోపాలపురము, కాకినాడ మొదలగు రేవులలో ఓడలెక్కి బర్మాకు పోయిరి. అచ్చట తెలుగువానికి "కోరంగి" యను పేరే స్థిరపడినది; ఆ కోరంగి యానాము ప్రక్కనున్న ప్రాతరేవు. పోయినవాడు చేరినాడను కబురు వచ్చుటకే వారములు పట్టెడిది. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించిన పిమ్మట, 1942లో జనము గుంపులు గుంపులుగా అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరినది. త్రోవలో రోగముచేతను ఆకలిచేతను రాలిపోయినవారు ఎందరో. కనుక ఆ ప్రయాణములు సురక్షితములని మేము చెప్పుట లేదు. ఆ తల్లులకు భయము లేదనియు చెప్పుట లేదు. వారు భయముతోనే పంపిరి. పంపునప్పుడు మాత్రము వారు ఒక్క ప్రశ్న అడిగిరి: "ఎవరితో పోవుచున్నావు?" తోడు మంచిదైనవాడు నిలిచెను, ముందు బయానా ఇచ్చి అప్పులో ముంచిన మేస్త్రీ చేత చిక్కినవాడు చెడెను. అపాయము దూరమునందు లేదు, తోడునందున్నదని వారికి తెలియును. మనము ఆ ప్రశ్నను మరచి దూరమును మాత్రమే కొలుచుచున్నాము.

ఇక మన భయము ఎచ్చట నిలిచినదో, అపాయము ఎచ్చట పొంచియున్నదో పరికింపుడు. కూతురు వేరొక నగరమున ఉద్యోగమునకు పోదునన్న ఇంటిల్లపాదియు వారము దినములు చర్చించును. కొడుకునకు పదునెనిమిదేండ్లు నిండగనే మోటారుసైకిలు కొనిపెట్టుటకు ఒక పూట చర్చయైనను ఉండదు. హెల్మెట్టు లేకుండ వాడు వీధి మలుపు తిరిగిపోవుచుండగా అరుగుమీద కూర్చుండి మురిసిపోయెదము. భారతప్రభుత్వమువారి లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. హెల్మెట్టు లేని కారణమున మరణించినవారే 50,029 మంది. ఇంత పెద్ద గండము మన వాకిటనే ఉండగా దానికి మనము ముడుపు కట్టము, మొక్కు మ్రొక్కము, కనీసము తాళపుచెవి ఇచ్చుటకు ముందు హెల్మెట్టు చేతికీయము.

ఆడుబిడ్డ విషయము చూతము. "పెండ్లి చేసి ఒక అయ్య చేతిలో పెట్టినచో నిశ్చింత" అని మన నోట ఎన్నిమారులు రాలేదు! ఆ నిశ్చింతకు ఆధారమేమి? 2022లో మన దేశమున వరకట్నపు చావులని నమోదైనవి ఆరువేలకు పైబడియున్నవి. ఆ చావులలో పెక్కు తల్లిదండ్రులు చూచి, విచారించి, జాతకములు కలిపి, కట్నమిచ్చి పంపిన సంసారములలోనివి. బలాత్కారపు కేసులలో నూటికి తొంబదికి మించి నిందితుడు ఆమె ఎరిగినవాడే యని నేరముల లెక్కలు ప్రతియేటను చెప్పుచున్నవి. అనగా మనము వీధిలోని అపరిచితునికి భయపడి తలుపు బిగించుకొనుచున్నాము. గండము తరచుగా తలుపునకు లోపలనే, పరిచయముతోడనే కూర్చుండియున్నది.

పరీక్షిన్మహారాజు కథ మనకు క్రొత్తది కాదు. పాముకాటు తప్పించుకొనుటకు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొనెను, కావలి పెట్టించెను, మంత్రవేత్తలను కూర్చుకొనెను. తక్షకుడు పండులో పురుగై లోపలికి వచ్చెను. మేడ కట్టుట రక్ష కాదని ఆ కథ మనకు చెప్పుచుండ, మనము ఇప్పటికిని ఇటుకలు మోయుచునే యున్నాము. నేటి మేడకు టెలిఫోనే స్తంభము. బిడ్డ ఏ వీధిలో ఉన్నదో చూపు యంత్రము చేతికి వచ్చిన పిమ్మట, ఆమె మనస్సు ఏ స్థితిలో ఉన్నదో అడుగుట మానితిమి.

ఈ మాట ఊరక అనుట లేదు; మా ఇంటి అనుభవము చెప్పెదము. మా అమ్మాయి దూరనగరమున ఒక కార్యాలయమున పని చేయుచున్నది. ప్రతిరాత్రియు మేము అడుగుట, "చేరినావా? తిన్నావా?", ఆమె "ఆఁ" యనుట. ఇట్లు నాలుగు నెలలు గడచినవి. ఆ నాలుగు నెలలును పనిచోట ఒక వ్యక్తి ఆమెను వెంటాడుచుండెనట. ఆమె బస్సు మార్చుకొనెను, వేళ మార్చుకొనెను, భోజనము మానుకొనెను. నూట ఇరువది రాత్రులు మేము కావలి కాసితిమి. ఒక్క రాత్రియైనను మాకు ఏమియు కనబడలేదు. తుదకు ఆమె తన మేనత్తతో చెప్పుకొనెను. మాతో ఏల చెప్పవైతివని అడుగగా ఆమె యిచ్చిన జవాబు ఇది: "చెప్తే ఉద్యోగం మానిపించి ఇంటికి తెచ్చేస్తారు కదా, నాన్నా. వాడు తప్పు చేస్తే శిక్ష నాకెందుకు?"

ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోతిమి. ఏలయన, సంగతి తెలిసిన మరుక్షణము మా నోట వచ్చిన మొదటి మాట "అందుకే వద్దన్నాము" అనునదే. ఆ రెండు పదములకన్న బిడ్డ నోరు నొక్కు ఆయుధము మరియొకటి లేదు. మేనత్త మాకన్న వివేకవంతురాలు. పదిమందికి తక్కువ కాని పనివారున్న ప్రతి సంస్థలోను ఇట్టి ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘము ఉండవలెనని 2013వ సంవత్సరపు చట్టము విధించినది. తుది సంఘటన జరిగిన మూడు నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. ఆ సంగతి ఆమె తెలిసికొని, తోడుగా పోయి, వ్రాయించినది. విచారణ జరిగినది, ఆ వ్యక్తిని అచ్చటనుండి తప్పించిరి. మా అమ్మాయి నేటికిని అదే కొలువులో ఉన్నది. ఆమెను కాపాడినది మా జాగరణ కాదు. కోపగింపక వినిన ఒక చెవి, చట్టమెరిగిన ఒక తోడు.

ఇప్పుడు మరింత చేదైన మాట. "బిడ్డ క్షేమము" అని మనము పలుకునప్పుడు అన్నివేళలను బిడ్డ క్షేమమే మన మనసున ఉండునా? పరభాషీయుల నడుమ ఉన్న మనకు భాష పోవునను భయము, పెండ్లి వేరొకచోట కుదుర్చుకొందురను భయము, నలుగురు నవ్వుదురను భయము కలవు. వీటిని వీటి పేర్లతో పిలిచిన తప్పులేదు, వాదించుకొనవచ్చును. కాని వీటన్నిటికి "క్షేమము" అను ముసుగు వేయుట కపటము. పదునెనిమిదేండ్లు నిండిన వ్యక్తి తన జీవితమునకు తానే కర్తయని చట్టము. యుక్తవయస్కులైన ఇరువురు ఇష్టపడి పెండ్లాడినచో కుటుంబముగాని కులపంచాయతిగాని అడ్డుపడరాదని 2018లో శక్తివాహిని వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అట్టి తీర్పు అవసరమైనదనిన, బిడ్డలకు ప్రాణభయము కొన్ని యిండ్లలో ఎవరివలన కలుగుచున్నదో వేరుగ చెప్పవలెనా?

"మీరు చెప్పుట బాగున్నది, కాని కాలము చెడినది, పరాయిచోట మనకెవరున్నారు?" అని కొందరు పెద్దలు మమ్ము అడుగుదురు. కాలము చెడినమాట కొంత నిజమే. ఉద్యోగమను ఆశ చూపి యువకులను కంబోడియా, మయన్మారు దేశములకు చేర్చి, అచ్చట నిర్బంధించి మోసపు పనులు చేయించు ముఠాల సంగతి 2022 తరువాత దేశమంతటికిని తెలిసినది. వారి చేత చిక్కినవారిలో తెలుగు యువకులు పలువురున్నారు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఇట్టి ముఠాపై కేసు పెట్టిరి. తాతను రంగమునకు చేర్చిన అప్పుల మేస్త్రీయే మనుమనికొరకు వేషము మార్చి వచ్చినాడు. దీనికి మందు ఏమి? ఎవడును దేశము దాటరాదని శాసించుటయా? కాదు, తాతమ్మ అడిగిన ప్రశ్ననే అడుగుట. ఎవరితో పోవుచున్నావు? పంపు ఏజెంటు భారతప్రభుత్వమువద్ద నమోదైనవాడేనా? చేతికిచ్చిన అనుమతి ఉద్యోగమునకా, విహారమునకా? ఇవి అడుగు తండ్రి పిరికివాడు కాడు, పెద్దమనిషి. మరియు, మోసపోయినచో సిగ్గుపడక ఇంటికి చెప్పుకొనగల చనువు ముందే ఇచ్చియుండవలెను. అప్పుచేసి పంపిన తండ్రి తిట్టునను భయమే ఉన్నచో, చిక్కినవాడు ఇంకను లోతునకు దిగునేగాని నోరు విప్పడు.

దశరథుడు రాముని విశ్వామిత్రునివెంట పంపుటకు ఎంత వెనుకాడెనో మనకు తెలియును. పదునారేండ్లు నిండని బాలుడని వేడుకొనెను, సైన్యముతో తానే వత్తుననెను. వసిష్ఠుడు నచ్చజెప్పగా పంపెను. త్రోవలో ముని రామునికి ఇచ్చినది కోట కాదు, కావలి కాదు; బల, అతిబల యను విద్యలు. మన బిడ్డలకు మనమీయవలసినవియు విద్యలే. ఆపదలో 112, స్త్రీలకు సహాయమునకై 181, టెలిఫోనులో ధనము అపహరింపబడినచో తత్క్షణమే 1930 పిలువవలెనని నేర్పుట ఒక విద్య. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చునని తెలియుట ఒక విద్య. పోయిన ఊరి భాష నాలుగు మాటలు పలుకుట ఒక విద్య. ఇందు మన పిల్లలకు సాటి లేదు, రెండుమూడు భాషల నడుమ పెరిగినవారు కదా. అన్నిటికన్న గొప్ప విద్య, "నాకు ఆపద వచ్చినది" అని సంకోచము లేక చెప్పగలుగుట. అది బిడ్డ ఒంటరిగా నేర్చుకొనునది కాదు. మనము వినుట నేర్చిననే ఆమె చెప్పుట నేర్చును.

మన సంఘములకును ఇందు పని కలదు. ఉగాదికి పచ్చడి పంచి, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, సంచిక అచ్చువేసి ఊరకుండుట చాలదు. ప్రతి నగరమునందలి సంఘమును అర్ధరాత్రియైనను తలుపు తీయుటకు ఒప్పుకొనిన పది యిండ్ల పేర్లు వ్రాసియుంచవలెను. క్రొత్తగా చేరిన పిల్లకు ఆ పది యిండ్లలో ఒకటి ఎరుకపడియుండవలెను. ఆ యింటివారు ప్రశ్నలు తరువాత, అన్నము ముందు అనువారై యుండవలెను. తెలిసిన సంగతిని ఊరంతయు చాటనివారై యుండవలెను. అట్టి పది తలుపులు తెరచి యుంచగలిగిన సంఘము వంద వార్షికోత్సవములు జరిపిన సంఘముకన్న గొప్పదని మా అభిప్రాయము.

యువకులారా, యువతులారా, మీకును ఒక్క మాట. తల్లిదండ్రుల భయమును చూచి నవ్వకుడు. హెల్మెట్టు ధరింపుడు. మీ చిరునామా, మీ స్నేహితులలో ఒకరి నంబరు ఇంట ఇచ్చియుంచుడు. "ఆఁ" యని ముగింపక, నేడు జరిగినది రెండు మాటలలో చెప్పుడు.

వెనుకటి ఉత్తరములు "ఉభయకుశలోపరి" యని మొదలయ్యెడివి. ఉభయుల కుశలము అనిన మాటను గమనింపుడు. ఇచ్చటి క్షేమము వ్రాసి అచ్చటి క్షేమము అడుగుట అప్పటి మర్యాద. నేడు బిడ్డ మాత్రమే రాత్రిరాత్రియు లెక్క అప్పజెప్పవలెను. మన రక్తపుపోటు, మన గుండెనొప్పి, మన అప్పులు వారికి తెలియనీయము. మనము దాచుచుండగా వారు దాచకుందురా? ఈ రాత్రి టెలిఫోను మ్రోగినప్పుడు "చేరినావా?" యని అడుగుటకు ముందు మన సంగతి ఒకటి నిజముగా చెప్పుదము. పిమ్మట అడుగుదము. అటువైపునుండి "ఆఁ" కాక మరియొక మాట వచ్చినచో, ఏ మాట వచ్చినను, "అందుకే వద్దన్నాము" అని మాత్రము అనకుందము.